డ్రయ్యర్‌కు ఊపిరాడనప్పుడు

మన ఇళ్లలో డ్రయ్యర్ అంటే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో పక్కనుండే చిన్న తొట్టి. ఉతికిన బట్టలు అందులో కూరి, పైన ప్లాస్టిక్ బిళ్ల అదిమి, నాలుగైదు నిమిషాలు గిర్రున తిప్పితే నీళ్లు ఓడిపోయి చెమ్మ మాత్రం మిగులుతుంది. మిగతాది దండెం చూసుకుంటుంది. నిజానికి ఆ తొట్టి ఆరబెట్టదు, పిండుతుంది. అందుకే అమెరికాలో పిల్లల దగ్గరికి కొత్తగా వెళ్లిన పెద్దవాళ్లు "డ్రయ్యర్ అయిపోయింది, ఇక ఎక్కడ ఆరెయ్యాలమ్మా?" అని అడగడం, పిల్లలు నవ్వడం చాలా ఇళ్లలో జరిగేదే. అక్కడి డ్రయ్యర్ విడి యంత్రం. వాషర్ పక్కనో, దాని నెత్తి మీదో కూర్చుని, పిండిన బట్టల్ని మడతపెట్టుకునేంత పొడిగా చేసి ఇస్తుంది. పెరట్లో తాడు కట్టుకుందామంటే చాలా కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాలు ఒప్పుకోవు. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు బట్టలారేసుకునే హక్కుకు చట్టం చేశాయి గానీ, మంచు కురిసే ఊళ్లలో చట్టం ఉన్నా తాడుతో ఏం చేసుకుంటాం?

అలాంటి ఇంట్లో డ్రయ్యర్ పూర్తిగా ఆగిపోతే ఒక రకంగా నయం. ఆ రోజే మెకానిక్‌ని పిలుస్తాం. తిరుగుతూనే ఉండి, గంటలో అవ్వాల్సిన పనికి రెండు గంటలు, మూడు గంటలు తీసుకోవడం మొదలుపెడితే మాత్రం నెలల తరబడి భరిస్తాం. డాలస్ దగ్గర మా తమ్ముడి కూతురి ఇంట్లో అదే జరిగింది. నేను వెళ్లేసరికి ఒక్కో వాయి బట్టలకు డ్రయ్యర్‌ను రెండుసార్లు నడపడం వాళ్లకు అలవాటైపోయింది. అంతకు ముందే ఒకసారి వేడి రావడం మానేస్తే ఒకతను వచ్చి లోపల ఫ్యూజు మార్చి వెళ్లాడట. మూడు నెలలకు మళ్లీ అదే ఫ్యూజు పోయింది, మళ్లీ మార్చాడు. "పాతదైపోయింది పెదనాన్నా, వచ్చే నెల సేల్‌లో కొత్తది కొనేస్తాం" అంది.

"బట్టలు ఎండకి ఆరతాయా, గాలికి ఆరతాయా?" అని అడిగాను. రెండిటికీ అంది. తప్పేం కాదు. కానీ రెండిటి వాటా సమానం కాదు. మే నెలలో విశాఖలో ఉక్కపోతగా, ఆకు కదలకుండా ఉన్న రోజున దండెం మీది తువ్వాలు సాయంత్రమైనా చెమ్మగానే ఉంటుంది. అదే తువ్వాలు అనంతపురంలో, అంత ఎండ లేకపోయినా, పొడిగాలి తోలే రోజున గంటన్నరలో గలగలలాడుతుంది. వానాకాలంలో హాల్లో తాడు కట్టి ఫ్యాను వేసే ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. వేడి నీటిని ఆవిరి చేస్తుంది, నిజమే. ఆ ఆవిరిని అక్కణ్ణుంచి ఎత్తుకుపోయేది గాలి. ఎత్తుకుపోకపోతే బట్ట చుట్టూ ఉన్న గాలి తడితో నిండిపోయి, ఇక కొత్త తడిని పుచ్చుకోదు. పాత్ర మీద మూతపెట్టి నీళ్లు ఇగరబెట్టమంటే ఎలా ఉంటుందో అలా.

డ్రయ్యర్‌ని మనం పొయ్యిగా ఊహించుకుంటాం. ఆరకపోతే మంట తగ్గిందనుకుంటాం. ఎక్కువసార్లు మంట బాగానే ఉంటుంది, ఊపిరే ఆడదు.

లోపల గాలి నడిచే దారి ఇదీ. యంత్రం తాను ఉన్న గదిలోని గాలినే పీల్చుకుంటుంది. ఆ గాలి హీటర్ మీదుగా పోయి వేడెక్కి, తిరుగుతున్న డ్రమ్ములోని బట్టల మధ్య నుంచి దూరి, తడిని మోసుకుని, లింట్ ఫిల్టర్ గుండా బయటపడుతుంది. బట్టల నుంచి రాలే నూగునే లింట్ అంటారు. ఫిల్టర్ దాటాక బ్లోయర్ అనే చక్రం ఆ గాలిని 4 అంగుళాల గొట్టంలోకి, అక్కణ్ణుంచి ఇంటి బయటికి నెడుతుంది. బ్లోయర్ దారి చివర్లో ఉంది కాబట్టి డ్రమ్ములోకి గాలిని ఊదదు, డ్రమ్ములోంచి లాగుతుంది. ఈ దారిలో ఏ ఒక్కచోట ఇరుకైనా దారి మొత్తం మందగిస్తుంది.

పనిభారం కూడా ఒకసారి లెక్క వేసుకోవచ్చు. నాలుగు కిలోల నూలు బట్టలు వాషర్‌లో బాగా పిండాక కూడా రెండు కిలోలకు పైనే నీళ్లు పట్టుకుని ఉంటాయి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ కరెంటు కావాలి. అంటే మొత్తం ఒకటిన్నర యూనిట్. అమెరికా ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌లో హీటర్ 5 కిలోవాట్ల పైమాటే. కాగితం మీద ఇది ఇరవై నిమిషాల పని. బట్టల్నీ డ్రమ్మునూ కాచడానికి పోయే వేడి, గొట్టంలోంచి వృథాగా వెళ్లిపోయే వేడి కలుపుకుంటే, ఆరోగ్యంగా ఉన్న యంత్రానికి మామూలు వాయి 40 నుంచి 60 నిమిషాలు పడుతుంది. మీ ఇంట్లో మామూలుగా ఎంత పడుతుందో ఒకసారి రాసిపెట్టుకోండి. తర్వాత తేడా వస్తే గుర్తుపట్టడానికి అదే ఆధారం.

తేడా వచ్చినప్పుడు ముందు చేయాల్సింది మూత తెరిచి బట్టల్లో చెయ్యి పెట్టడం. స్క్రూడ్రైవర్ తర్వాత. బట్టలు వేడిగా ఉండి, తడిగానూ ఉంటే గాలి దారిలో అడ్డం. చల్లగా, తడిగా ఉంటే హీటర్ వైపు చూడాలి. పైవి పొడిగా, లోపలివి తడిగా ఉండి, యంత్రం దానంతటదే తొందరపడి ఆగిపోతే బట్టలు వేసిన తీరో, సెన్సరో కారణం. అసలు వాషర్‌లోంచి తీసేటప్పుడే బట్టలు నీళ్లోడుతుంటే ఆ పాపం డ్రయ్యర్‌ది కాదు.

మా అమ్మాయి ఇంట్లో బట్టలు కాలుతున్నంత వేడిగా ఉన్నాయి, పిండితే తడి తెలుస్తోంది. డ్రయ్యర్ పైరేకు మీద చెయ్యి పెట్టలేకపోయాం. గాలి ఆడని డ్రయ్యర్ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, ఇక్కడే అందరూ మోసపోతారు. అంత వేడిగా ఉంటే ఇంకా ఆరదేమిటి అనిపిస్తుంది. గాలి మెల్లగా పోతుంటే హీటర్ పెట్టెలో వేడి పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే ప్రమాదమని అక్కడున్న థర్మోస్టాట్ హీటర్‌ను ఆపేస్తుంది. కాస్త చల్లబడ్డాక మళ్లీ వెలిగిస్తుంది. అలా ఆగుతూ వెలుగుతూ, గంటలో సగంసేపు హీటర్ పని చేయదు, చేసినా ఆవిరిని మోసుకుపోయే గాలి లేదు. థర్మోస్టాట్ కూడా అలసిపోయి వేడి ఇంకా పెరిగితే, ఒకేసారి పనికొచ్చే థర్మల్ ఫ్యూజు తెగిపోతుంది. ఆమె మెకానిక్ రెండుసార్లు మార్చింది దాన్నే. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా ఫ్యూజు మార్చడం, జ్వరం ఎందుకొచ్చిందో అడగకుండా మాత్ర ఇవ్వడం లాంటిదే.

ఇక గాలి దారిని లోపలి నుంచి బయటికి వెతుక్కుంటూ పోవాలి.

మొదటిది లింట్ ఫిల్టర్. దాని మీద నూగు ప్రతి వాయికీ తీసేయాలని అందరికీ తెలుసు, చాలామంది తీస్తారు కూడా. కంటికి శుభ్రంగా కనిపించే ఫిల్టర్ కూడా మూసుకుపోయి ఉండొచ్చన్నది ఎక్కువమందికి తెలీదు. సువాసన కోసం, బట్టలు ఒంటికి అంటుకోకుండా ఉండటం కోసం వేసే డ్రయ్యర్ షీట్లలో మైనం లాంటి పదార్థం ఉంటుంది. అది వేడికి కరిగి జాలీ కన్నాల మీద కనపడని పొరలా పడుతుంది. ఫిల్టర్‌ను సింకులో కుళాయి కింద పట్టండి. నీళ్లు జల్లెడలోంచి పోయినట్టు జారిపోతే మంచిదే. పైన నిలబడిపోతే గాలి కూడా అలాగే నిలబడుతోందని అర్థం. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. ఫిల్టర్ తీసినప్పుడు దాని కింది గాడిలోకి టార్చి వేసి చూడండి. చెయ్యి పట్టనంత సన్నటి ఆ సందులో నూగు ముద్దలు, చిల్లర, అప్పుడప్పుడు పసిపిల్లల సాక్సు దొరుకుతాయి. వాక్యూమ్ క్లీనర్‌కు సన్నమూతి తగిలించి లాగేయొచ్చు.

తర్వాత యంత్రం వెనక భాగం. డ్రయ్యర్ నుంచి గోడలోకి వెళ్లే మెత్తటి గొట్టం అక్కడుంటుంది. బట్టల గది ఇరుకని యంత్రాన్ని గోడకు ఆనించి తోస్తే ఆ గొట్టం నలిగి, నీళ్లపైపు మడిచినట్టు మడతపడుతుంది. చాలా ఇళ్లలో రోగం ఇక్కడితోనే తేలిపోతుంది. ఇల్లు మారాక డ్రయ్యర్ నెమ్మదించిందని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది దీని గురించే. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఉంటే, నలగకపోయినా సరే, తీసి పారేయాలి. అది మంట అంటుకుంటుంది. పల్చటి రేకు కాగితంలా ఉండే జిగ్‌జాగ్ గొట్టాలూ అంత మంచివి కావు, వాటి ముడతల్లో నూగు చిక్కుకుంటుంది. లోపల నున్నగా ఉండే గట్టి లోహపు గొట్టం శ్రేష్ఠం. అతుకుల దగ్గర స్క్రూలు బిగించకూడదు, లోపలికి పొడుచుకొచ్చిన ప్రతి స్క్రూ మొనా నూగును పట్టే గాలమే. మెరిసే అల్యూమినియం టేపు వాడాలి. గుడ్డలాంటి బూడిదరంగు టేపు వేడికి ఎండి ఊడిపోతుంది.

గోడలోపల ఏముందో మనకు కనపడదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల నిర్మాణ నియమాల ప్రకారం డ్రయ్యర్ గొట్టం పొడవు 35 అడుగులు దాటకూడదు. మామూలు ఎల్బోతో లంబకోణంలో తిరిగే ప్రతి మలుపుకూ అందులోంచి 5 అడుగులు, ఏటవాలు మలుపుకు రెండున్నర అడుగులు తీసేయాలి. మలుపు దగ్గర గాలి అంతగా నలుగుతుందన్నమాట. ఫలానా యంత్రం ఎంత దూరం నెట్టగలదో దాని తయారీదారు పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది, అదీ చూసుకోవాలి. టెక్సాస్‌లో కొత్తగా కట్టే రెండంతస్తుల ఇళ్లలో బట్టల గది ఇంటి నడిమధ్యలో పెడుతున్నారు. వాడుకకు సుఖమే. కానీ గొట్టం గోడ ఎక్కి, అటకలో అడ్డంగా పోయి, పైకప్పులోంచి బయటపడాలి. మా అమ్మాయి ఇంట్లో మూడు మలుపులు లెక్కతేలాయి. అటకలో ఒకచోట గొట్టం కుంగి, చలికాలంలో ఆవిరి అక్కడ నీరై నిలిచిన మరక కూడా ఉంది. తడిసిన నూగు ఎండితే కాగితపు గుజ్జులా గట్టిపడుతుంది.

చివరిది బయటి మూతి. డ్రయ్యర్ నడుస్తుండగా ఇంటి వెనక్కి వెళ్లి చూడండి. మూతి దగ్గరి రేకు తలుపు పూర్తిగా లేచి ఉండాలి, చేతికి గట్టిగా వెచ్చటి గాలి తగలాలి. తలుపు బద్ధకంగా సగం లేస్తే, లేదా గాలి నీరసంగా ఉంటే, అడ్డం దారిలో ఉన్నట్టే. పిచ్చుకలు, గోరింకల జాతి పక్షులు వెచ్చగా ఉందని ఇందులో గూళ్లు పెడతాయి. పక్షుల కోసమని కొందరు మూతికి సన్నటి జాలీ బిగిస్తారు. నియమాలు దాన్ని ఒప్పుకోవు, ఎందుకో మేము పైకప్పు ఎక్కించిన మనిషి చూపించాడు. ఆరేళ్లుగా ఎవరూ ఎక్కని ఆ కప్పు మీద, ఎవరో బిగించిపోయిన జాలీకి బొంత కుట్టినంత మందాన నూగు పట్టి ఉంది. అతను దాన్ని చేత్తో ఒలిచి కిందికి విసిరితే పచ్చిక మీద చచ్చిన పిల్లిలా పడింది. జాలీ తీసేసి, తలుపున్న మూతి పెట్టి, పొడవాటి బ్రష్‌తో గొట్టమంతా తుడిచాడు. ఆ సాయంత్రం తువ్వాళ్ల వాయి నలభై ఏడు నిమిషాల్లో ఆరింది. కొత్త డ్రయ్యర్ కొనలేదు.

కప్పు దాకా పోకుండానే గొట్టం తప్పో యంత్రం తప్పో తేల్చుకునే ఉపాయం ఒకటుంది. ఎలక్ట్రిక్ డ్రయ్యర్ అయితే వెనక గొట్టం ఊడదీసి, గది కిటికీ తెరిచి, ఒకే ఒక్క వాయి అలా నడపండి. మామూలు సమయానికి ఆరిపోతే గొట్టమే దోషి. గది నిండా ఆవిరీ నూగూ వస్తాయి, అందుకే పరీక్షకు మాత్రమే. గ్యాస్ డ్రయ్యర్‌తో ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. దాని గొట్టంలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

గొట్టం శుభ్రం చేయడం బట్టల కోసమే కాదు. అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం 2008 నుంచి 2010 వరకు లెక్కలు తీస్తే, ఏడాదికి సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు ఇళ్లలో నమోదయ్యాయి. ఏటా ఐదుగురు చనిపోయారు, వంద మంది గాయపడ్డారు, మూడున్నర కోట్ల డాలర్ల నష్టం. కారణాల్లో అన్నిటికంటే పెద్దది శుభ్రం చేయకపోవడం, 34 శాతం. ఎండిన నూగు ఇట్టే అంటుకుంటుందని దాన్ని క్యాంపింగ్‌లో మంట రాజేయడానికి దాచుకునేవాళ్లను కూడా చూశాను. పడుకునే ముందు డ్రయ్యర్ వేసి నిద్రపోయే అలవాటు మానుకోవడం మంచిది.

ఇంకొక చిన్న సంగతి మర్చిపోతుంటారు. గాలి బయటికి పోవాలంటే అంత గాలీ గదిలోకి రావాలి. అల్మరా లాంటి చిన్న గదిలో డ్రయ్యర్ పెట్టి తలుపు బిగించేస్తే అది పీల్చుకోవడానికేం ఉంటుంది? తలుపు ఓరగా తెరిచి నడిపితే సమయం తగ్గుతుందేమో చూడండి. తగ్గితే తలుపుకు గాలి సందుల పలక పెట్టించుకుంటే చాలు.

ఇప్పుడు రెండో రకం, బట్టలు చల్లగా ఉండటం. ఇందులో మొదట చూడాల్సింది మీటల్లో ఉంది. పిల్లలు ఆడుకుంటూ వేడి లేని గాలి సెట్టింగులో పెట్టేస్తే యంత్రం గంటసేపు చల్లగాలిలో బట్టల్ని దొర్లిస్తుంది. అది సరిగ్గా ఉంటే బ్రేకర్ పెట్టె దగ్గరికి వెళ్లాలి. అమెరికా ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు రెండు తీగల్లో 120 వోల్టుల చొప్పున వచ్చి, రెండిటి మధ్యా 240 అవుతుంది. మోటారుకు ఒక తీగ చాలు, హీటర్‌కు రెండూ కావాలి. ఒకటి పోతే డ్రమ్ము తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, వేడి మాత్రం ఉండదు. పొలంలో త్రీఫేజు మోటారుకు ఒక ఫేజు పోయిన కథ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. జంట బ్రేకర్‌ను పూర్తిగా కిందికి దించి మళ్లీ పైకి ఎత్తండి, చూపుకు ఆన్‌లో ఉన్నట్టున్నా సరే. మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ పని.

పెద్ద అపార్ట్‌మెంట్ భవనాల్లో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ చాలాచోట్ల వచ్చేది 240 కాదు, 208 వోల్టులు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేస్తే నాలుగింట మూడు వంతుల వేడే మిగులుతుంది. సొంతింట్లో 45 నిమిషాలు పట్టిన వాయి అద్దింట్లో గంట పడితే ఎవరి తప్పూ లేదు.

గీజర్‌లో కాయిల్ పోయినట్టే డ్రయ్యర్‌లోనూ కాయిల్ తెగుతుంది. కొన్నిట్లో రెండు కాయిళ్లుంటాయి, ఒకటి తెగితే సగం వేడితో ఈడుస్తుంది. గ్యాస్ డ్రయ్యర్‌కు ఇంకో విచిత్రమైన జబ్బుంది. మొదటి పది నిమిషాలు మంట చక్కగా వస్తుంది, తర్వాత రాదు. గ్యాస్ వాల్వును తెరిచే చిన్న విద్యుత్ చుట్టలు పాతబడి, వేడెక్కాక పట్టు వదిలేస్తాయి. పరీక్షిద్దామని తెరిచి చూసినప్పుడు యంత్రం చల్లగా ఉంటుంది కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. ఈ పనులు చేతనైనవాళ్లకు వదిలేయాలి. వచ్చినతనికి "మొదట్లో వేడొస్తుంది, తర్వాత ఆగిపోతుంది" అన్న ఒక్క మాట చెబితే సగం వెతుకులాట తప్పుతుంది.

మూడోది, బట్టలు సగం ఆరకముందే ఆగిపోవడం. మళ్లీ నొక్కుతాం, మళ్లీ ఆగుతుంది, చివరికి రెండు గంటలు పట్టిందంటాం. డ్రమ్ము అంచున, ఎక్కువగా ఫిల్టర్ పక్కన, వేలెడు పొడవున్న రెండు లోహపు పట్టీలుంటాయి. తడిబట్ట రెండిటికీ ఒకేసారి తగిలితే వాటి మధ్య సన్నటి కరెంటు ప్రవహిస్తుంది. ఇంకా తడి ఉందని యంత్రం అలా కనుక్కుంటుంది. ఫిల్టర్‌ను పాడుచేసిన డ్రయ్యర్ షీట్ మైనమే వీటి మీదా పడితే, తడిబట్ట తగిలినా కరెంటు పోదు, ఆరిపోయాయనుకుని యంత్రం ఆగిపోతుంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరి. అనుమానం తీరాలంటే ఆటోమేటిక్ వదిలేసి ఒకసారి గంట టైము పెట్టి నడపండి. అలా చక్కగా ఆరితే సెన్సరే.

ఒకటీ రెండూ బట్టలు వేసినా ఇదే జరుగుతుంది, అవి పట్టీలకు తగలవు. మరీ కూరితే దొర్లడానికి చోటుండదు. జీన్సు ప్యాంట్లు, పల్చటి చొక్కాలు కలిపేస్తే చొక్కాలు కరకరలాడతాయి, ప్యాంటు నడుము దగ్గర తడి అలాగే ఉంటుంది. ఇక మన వస్త్రాలకు ఈ యంత్రంతో పుట్టువైరం. ఐదున్నర మీటర్ల నూలు చీర డ్రమ్ములో పడితే మొదటి ఐదు నిమిషాల్లోనే పేనిన తాడవుతుంది, పక్కనున్న చొక్కాలన్నిటినీ కడుపులో పెట్టుకుని మూటకడుతుంది. పైకి పొడి, లోపల పచ్చితడి. పంచెలు, దుప్పట్లు కూడా అంతే. పదిహేను నిమిషాలకోసారి ఆపి, మూట విప్పి, దులిపి వేయడం తప్ప దారి లేదు. చీరను విడిగా, ఒక్క చిన్న తువ్వాలు తోడిచ్చి వేస్తే చుట్టుకోవడం తగ్గుతుంది. పట్టుచీరల ఊసే వద్దు.

వాషర్ సంగతి చూద్దాం. స్పిన్ వేగం తక్కువగా పెట్టినా, బట్టలు ఒకవైపుకు చేరి యంత్రం గట్టిగా తిరగలేకపోయినా, డ్రెయిన్ ఫిల్టర్‌లో నాణేలు అడ్డంపడినా, బట్టలు నీళ్లతో వస్తాయి. నిమిషానికి 800 చుట్లు తిరిగితే నూలు బట్టల బరువులో సుమారు 70 శాతం నీరు మిగులుతుంది, 1,400 తిరిగితే సగం దాకా తగ్గుతుంది. తూకం మిషను మీద పొడిబట్టల్ని ఒకసారి, పిండాక ఒకసారి తూచండి. నాలుగు కిలోలవి ఏడు దాటితే వాషర్‌ను అడగండి. నీటిని తిప్పి విదిలించడానికి అయ్యే కరెంటు, ఆవిరి చేయడానికి అయ్యే దానితో పోలిస్తే చాలా స్వల్పం. అనుమానంగా ఉన్న వాయికి ఇంకోసారి స్పిన్ కొట్టడం అన్నిటికంటే చవకైన మరమ్మతు.

ఇదంతా గొట్టమున్న డ్రయ్యర్ల గురించి. గొట్టం లేనివి కూడా వస్తున్నాయి, తడిగాలిని లోపలే చల్లబరిచి నీటిని డబ్బాలోనో డ్రెయిన్‌లోనో పోస్తాయి. హీట్ పంప్ రకమైతే తక్కువ వేడితో, చాలా తక్కువ కరెంటుతో, తీరిగ్గా పని చేస్తుంది. గంటన్నర, రెండు గంటలు పడితే అది దాని నడకే గానీ జబ్బు కాదు. వాటిలో కూడా నూగు రేడియేటర్ లాంటి భాగం మీద పేరుకుంటుంది, తయారీదారు చెప్పినట్టు శుభ్రం చేయాలి.

హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో ఇప్పుడు ఎక్కువ ఫిర్యాదులు వినపడేది ఉతికి ఆరబెట్టే రెండు పనులూ ఒకే డ్రమ్ములో చేసే యంత్రాల మీద. నాలుగు గంటలు తిరిగినా తడిగానే ఉన్నాయంటారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 8 కిలోలు ఉతకడానికి. ఆరబెట్టడానికి ఐదే అని పక్కన చిన్నగా ఉంటుంది. డ్రమ్ము నిండా ఉతికి, తలుపు తీయకుండా ఆరమంటే అది ఎప్పటికీ ఆరదు. మన ప్లగ్గు 16 ఆంపియర్లది, హీటర్ రెండు కిలోవాట్లకు అటూఇటూగా ఉంటుంది, అమెరికా డ్రయ్యర్‌లో సగం కూడా కాదు. పైగా వీటిలో కొన్ని ఆవిరిని చల్లబరచడానికి కుళాయి నీళ్లే వాడతాయి. ఉతకడం అయిపోయింది కదా అని కుళాయి కట్టేస్తే ఆరడం ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో టెర్రస్ మీది ట్యాంకులో కాగిన నీళ్లు ఆ పనికి అంతంతమాత్రం, కాబట్టి ఎండాకాలంలో ఇలాంటి యంత్రాన్ని తెల్లవారుజామున నడిపితే తేడా కనిపిస్తుంది. స్పిన్ అయ్యాక సగం బట్టలు తీసి బాల్కనీ తీగ మీద వేసి, మిగతా సగానికే ఆరబెట్టే మీట నొక్కండి. తీగ మీదివే ముందు ఆరితే, మే నెల గాలికి అది మామూలే.